అయ్య మెడ మీద నా కాలు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసిన చోట నా కాళ్ళు ముందొచ్చాయి. ఈ సంగతి మా అమ్మ చేత చెప్పించుకోని మనిషి మా వాడలో లేడు. నేను పుట్టింది కలకత్తాలో, వీధులు ఊడ్చేవాళ్ళకీ మురుగు తీసేవాళ్ళకీ మునిసిపాలిటీ ఇచ్చిన క్వార్టర్లలో. ఆ వరసలో ఉన్నవాళ్ళందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. మా అయ్య ముప్పై ఏళ్ళకి పైగా ఈ ఊరి వీధులు ఊడ్చి రిటైరయ్యాడు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తాకితే నడుం పట్టూ మెడ పట్టూ విడిచిపోతాయని మా వాళ్ళ నమ్మకం. నొప్పి ఉన్నవాళ్ళు పొద్దున్నే గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకోవాలి. నేను ఎడమ మడమతో పట్టేసిన చోట మూడుసార్లు తన్నాలి. తన్నడమంటే నిజంగా తన్నడం కాదు, మోపి తీయడం. నేను బడికి వెళ్ళే వేళకి మా గుమ్మంలో ఒకరో ఇద్దరో బోర్లా పడి ఉండేవాళ్ళు. రోజంతా వంగి చేసే పని, నడుములు పట్టక ఏం చేస్తాయి? వాట్‌గంజ్ నుంచి ఓడరేవు కూలీలు కూడా వచ్చేవాళ్ళు. పోతూ పోతూ నా చేతిలో అరటిపండో బెల్లం ముక్కో పెట్టేవాళ్ళు. పెద్దవాళ్ళందరినీ తన్ని మరీ బెల్లం తిన్న పిల్లని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మా అయ్య మాత్రం ఎప్పుడూ తన్నించుకోలేదు. నడుం పట్టేసి గోడ పట్టుకుని నడిచిన రోజుల్లో కూడా ఒప్పుకోలేదు. "కన్నతండ్రికి కూతురి కాలు తగిల్తే నాకేటవదు. పాపం గుంటకి సుట్టుకుంటాది" అనేవాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని అమ్మ దెప్పిపొడిచేది. అయినా వినేవాడు కాదు.

నేను చదువుకుని స్కానింగ్ టెక్నీషియన్ అయ్యాను. ఒక పెద్ద ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళుగా ఎక్స్‌రేలూ సీటీ స్కాన్లూ తీస్తున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళ కోసం నా దగ్గర రెండు మూడు జవాబులున్నాయి గానీ ఒక్కటీ మర్యాదగా ఉండదు. అమ్మ పోయాక అయ్యని తెచ్చి న్యూ టౌన్‌లో మూడో అంతస్తులో నా ఫ్లాట్‌లో పెట్టుకున్నాను. ఆయన ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర్నుంచి చేపలమ్మే ఆవిడ దాకా అందరికీ నన్ను డాక్టరని చెప్పి పెట్టాడు. "నేను డాక్టర్ని కాదయ్యా, ఫోటోలు తీస్తాను" అని ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. "తెల్ల కోటేసుకుంతావు కదేటి?" అనేవాడు. ఆయన జీవితమంతా ఖాకీ చొక్కాతో గడిపిన మనిషి. ఆ తెల్ల కోటుని తన చేత్తో ఉతికి, నీడన ఆరేసి, మడతపెట్టి ఇచ్చేవాడు.

ఇప్పుడు నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు ఎంతటిదో తెలియదు. తల మెడ మీద ఎలా కూర్చుంటుందో నేను కొత్తగా చేరిన పిల్లలకి తిరగలితో పోల్చి చెప్తాను. తిరగలి కింది రాతి నడుమ ఒక మేకు ఉంటుంది, పై రాయి దాని చుట్టూ తిరుగుతుంది. మెడలో మొదటి ఎముక ఒక ఉంగరం, తల దాని మీద ఆని ఉంటుంది. రెండో ఎముక నుంచి పన్నులాంటి మేకొకటి లేచి ఆ ఉంగరంలో నిలబడుతుంది. మనం తల అడ్డంగా ఊపినప్పుడల్లా ఉంగరం ఆ మేకు చుట్టూ తిరుగుతుంది. సరిగ్గా ఆ మేకు వెనకనుంచే వెన్నుపాము కిందికి దిగుతుంది. చేతులు కదలాలన్నా కాళ్ళు కదలాలన్నా ఊపిరి తీయాలన్నా కబురు ఆ సందులోంచే పోవాలి. ముసలివాళ్ళ ఎముక గుల్లబారి ఉంటుంది. ముందుకి పడి నుదురు కొట్టుకుంటే చాలు, తల వెనక్కి విరుచుకుపోయి ఆ మేకు మొదట్లో విరుగుతుంది.

ఘోరమేమిటంటే, విరిగాక కూడా మనిషి లేచి నడుస్తాడు. బస్సెక్కుతాడు. ఇంటికొచ్చి టీ తాగుతాడు. చుట్టూ ఉన్న కండలూ నరాలూ బిగబట్టి ఆ మేకుని పట్టుకుని ఉంటాయి. అలాంటివాళ్ళు పడుకుని లేచేటప్పుడు తలని రెండు చేతులతో పట్టుకుని లేస్తారు, చంటిపిల్ల తలని తల్లి పట్టుకున్నట్టు. అది చూస్తే మెడ తాకకండి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ముందు స్కాన్ తీయండి అని కొత్త పిల్లలకి నూరిపోశాను. వినని వాళ్ళని తిట్టాను కూడా. నా నోరు మంచిది కాదని డిపార్ట్‌మెంటంతా చెప్తుంది.

వానాకాలం అది. శుక్రవారం మా చిన్నమ్మని ఊరి రైలెక్కించడానికి అయ్య హౌరా వెళ్ళాడు. నేను డ్యూటీలో ఉన్నాను. రైలు కదిలాక తిరిగి లాంచీలో నది దాటాడు. ఇవతలి రేవు మెట్లు పాచిపట్టి ఉన్నాయి. కాలు జారి ముందుకి పడ్డాడు, నుదురు మెట్టు అంచుకి కొట్టుకుంది. ఎవరో ఇద్దరు లేపి, పక్క వీధిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నుదుటి మీద మూడు కుట్లు వేసి పంపించాడు. మా అయ్య అక్కణ్ణుంచి బస్సులో, సగం దూరం నిలబడి, న్యూ టౌన్ వచ్చాడు.

సాయంత్రం నేనొచ్చేసరికి నుదుటికి కట్టుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఓలమ్మో, ఇదేటయ్యా! ఏటయ్యింది?"

"ఏటీ నేదే. మెట్టు జారింది. కుట్టేసినాడు. టీ ఎట్టు."

కళ్ళు తిరిగాయా, వాంతి అయిందా అని అడిగాను. చేతులు పట్టుకుని పిడికిలి బిగించమన్నాను, బిగించాడు. నడిపించాను, నడిచాడు. మెడ నొప్పిగా ఉందన్నాడు. పడితే నొప్పి రాదా మరి, అన్నాను. తలకి మాత్రం ఏమీ కాలేదు, బతికిపోయాం అనుకున్నాను. మెడ గురించి ఆలోచించలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

మర్నాడు పొద్దున్న ఆయన మంచం మీంచి లేవడం చూశాను. పక్కకి ఒత్తిగిలి, రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి, తలని చేతుల్లో పెట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. నేను వంటింటి గుమ్మంలో చపాతీల కర్రతో నిలబడి నవ్వాను.

"ఏటయ్యా, తలకాయ జారిపోతాదేటి, అలగ ఒట్టుకున్నావు?"

"జారిపోయినట్టే ఉందే" అన్నాడు.

ఇంతకంటే స్పష్టంగా ఏ పేషెంటూ ఇన్నేళ్ళలో నాకు చెప్పలేదు. నేను ఇంకా నవ్వాను. ఆయన కూడా నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. నొప్పి మందు రాసి, మాత్ర ఇచ్చి, డ్యూటీకి వెళ్ళిపోయాను. ఆ రోజు కూడా ఎవరివో మెడలు స్కాన్ తీశాను. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే మరి!

ఆదివారం నాకు సెలవు. పొద్దున్న టీ తాగుతుంటే అయ్య కాసేపు నసిగి నసిగి అడిగాడు.

"ఓ పాలి నీ కాలెట్టే, గుంటా. మెడ మరి తిరగడం నేదు."

నేను గ్లాసు కింద పెట్టేశాను. "ఇన్నేళ్ళూ పాపమన్నావు! ఇప్పుడేటొచ్చింది?"

"ముసిలోణ్ణి. నాకింక పాపమేటి, పున్నెమేటి. నీకంత బయమైతే తరవాత నా కాళ్ళకి దండమెట్టీసుకో."

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషం కలిగింది. వాడంతా నా కాలిని నమ్మింది, ఒక్క అయ్య నమ్మలేదనే ఉక్రోషం చిన్నప్పట్నుంచీ నాలో ఎక్కడో ఉంది. ఇన్నాళ్ళకి వచ్చి అడిగాడు. నేను స్కానింగ్ టెక్నీషియన్నని, నా వయసు యాభై దగ్గర పడిందని, ఆదివారం కూడా ఆసుపత్రి తెరిచే ఉంటుందని ఒక్కటీ తోచలేదు. చాప తెచ్చి గుమ్మానికి అడ్డంగా పరిచాను.

బోర్లా పడుకోవడానికి ఆయన చాలా అవస్థ పడ్డాడు. పడుకున్నాక ముఖం ఒక పక్కకి తిప్పక తప్పదు కదా, ఊపిరాడాలి. గోడవైపు తిప్పి మూలిగాడు. నేను గోడ పట్టుకుని ఎడమ మడమ ఆయన మెడ మీద, జుట్టు మొదలయ్యే చోట మోపాను. ఒకటి. రెండు.

"కూసంత గట్టిగా ఎయ్యే. సీమ పాకినట్టుంది" అన్నాడు.

మూడోసారి గట్టిగా మోపాను. లోపల ఏదో చిన్నగా జరిగినట్టు నా మడమకి తెలిసింది. పట్టు విడిచిందనుకున్నాను.

ఆయన చేతులతో తల పట్టుకుని లేచి కూర్చుని, "అబ్బ, ఆయిగా ఉందే!" అన్నాడు. నేను ఆయన పాదాలకి దండం పెట్టుకున్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అప్పటికింకా బాగానే ఉంది.

సోమవారం పొద్దున్న చొక్కా వేసుకుంటూ చాలాసేపు గదిలోంచి రాలేదు. వెళ్ళి చూస్తే గుండీ కాజాలో పెట్టలేక కుస్తీ పడుతున్నాడు. కుడిచేతి వేళ్ళు గుండీ మీదనించి జారిపోతున్నాయి. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఎప్పట్నించయ్యా?"

"నిన్న మజ్జానం నుంచి. తిమ్మిరే, పోద్దిలే."

రెండు చేతులతో తల పట్టుకుని లేచిన ఆ శనివారం ఉదయమంతా ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. ఆయన్ని ఉన్నచోటే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. రెండు తువ్వాళ్ళు చుట్టచుట్టి తలకి అటూ ఇటూ పెట్టాను. నుదుటి మీదుగా ప్లాస్టరు పట్టీ వేసి కదలకుండా బిగించాను. తల ఆడించావంటే ఊరుకోనని అరిచాను. ఆయన మీద అరిచానో నా మీద అరిచానో నాకే తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

అంబులెన్స్‌లో మా ఆసుపత్రికే తీసుకెళ్ళాను. స్కాన్ వేరేవాళ్ళు తీస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. అయ్యని మెషీన్ బల్ల మీద పెట్టి, అద్దం ఇవతల నా కుర్చీలో కూర్చున్నాను. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. తెర మీద బొమ్మ అందరికంటే ముందు చూసేది మేమే, కానీ ఏం చూశామో పేషెంటుకి చెప్పకూడదు. ముఖంలో కూడా కనపడనివ్వకూడదు. ఎవరడిగినా ఒకటే మాట, డాక్టరు చెప్తారు. ఆ మాట నేను కొన్ని వేలసార్లు అని ఉంటాను.

బొమ్మ వచ్చింది. మేకు మొదట్లో విరిగి ఉంది. విరిగిన ముక్క ఉంగరంతో సహా వెనక్కి జరిగి, వెన్నుపాము దిగే సందుని సగానికి సగం మూసేసింది. మైకులోంచి అయ్య గొంతు వినపడింది.

"ఏటమ్మా? ఏటైనా అగుపించిందా?"

"డాక్టరు సెప్తారయ్యా" అన్నాను.

సర్జన్ బెంగాలీ ఆయన, మెదడుకీ వెన్నుకీ ఆపరేషన్లు చేస్తాడు. మెత్తగా మాట్లాడతాడు, ఏ ప్రశ్నా వదిలిపెట్టడు. నన్ను దీదీ అంటాడు. బొమ్మలు చూసి, అయ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ జూనియర్ డాక్టర్లు, నర్సు, మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇద్దరు ఉన్నారు. చేతులూ కాళ్ళూ పరీక్షించాడు. కుడిచెయ్యి బలహీనం, ఎడమది కొంచెం, కాళ్ళు బాగున్నాయి. తర్వాత బెంగాలీలో అడిగాడు.

"పడ్డాక ఎవరైనా మెడకి మాలిష్ చేశారా? తిప్పడం, లాగడం, తొక్కడం ఏమైనా?"

అయ్య యాభై ఏళ్ళుగా బెంగాలీ మాట్లాడుతున్నాడు. ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి, నా తెల్ల కోటు మీద ఆగాయి.

"కిచ్ఛు నా, డాక్టర్‌బాబు" అన్నాడు. ఏమీ లేదని.

"మరి చెయ్యి ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"పడ్డప్పట్నుంచే. శుక్రవారం నుంచే."

సర్జన్ రాసుకుని నా వైపు తిరిగాడు. "మీరు ఇంట్లోనే ఉన్నారు కదా దీదీ, అంతేనా? ఇది ముఖ్యం. పడ్డప్పుడే వచ్చి అలాగే నిలిచిపోయిన బలహీనతైతే నాకు కొంచెం వ్యవధి ఉంది. గుండె కోసం ఈయన రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు. ఐదు రోజులు అవి ఆపి, బరువులు కట్టి ఎముకని దారికి తెచ్చి, అప్పుడు ఆపరేషన్ చేస్తే రక్తస్రావం భయం ఉండదు. అలా కాక తర్వాత మొదలై పెరుగుతోందంటే మాత్రం ఆగకూడదు. ప్రమాదమైనా సరే ఇవాళే తీసుకెళ్ళాలి."

అంత విడమరిచి చెప్పాడు. అర్థం కాలేదనడానికి వీల్లేదు. అయ్య నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు బడిలో మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే గవర్నమెంటు ఉద్యోగం అని చెప్పు, ఇంకేం చెప్పకు అని పంపేటప్పుడు అలాగే చూసేవాడు.

"అవును, శుక్రవారం నుంచే" అన్నాను.

నా నోరు మంచిది కాదన్నాను కదా. ఇరవై ఏళ్ళుగా అక్కడ ఎవరినీ లెక్కచేయకుండా వాగిన నోరది. ఆ రోజు ఆ ఒక్క మాట రాలేదు. విరిగిన మెడని తాకొద్దని ఊరంతటికీ పాఠాలు చెప్పే మనిషి, కన్నతండ్రిని గుమ్మంలో పడుకోబెట్టి విరిగిన మెడ మీద కాలు పెట్టి తొక్కిందని ఆ కుర్ర డాక్టర్ల ముందు, మా వాళ్ళ ముందు ఎలా చెప్పను? క్యాంటీన్‌లో నవ్వుకుంటారు. ఉద్యోగం మాట ఎలా ఉన్నా, ఊడ్చేవాళ్ళ ఇంటి పిల్ల ఎక్కడికి పోయినా ఊడ్చేవాళ్ళ ఇంటి పిల్లే అనుకుంటారు. అదీ నా భయం. సిగ్గులేదూ నాకు, మా అయ్య ప్రాణం పక్కన పెట్టి తూచుకోవడానికి అదా దొరికింది!

ఆ మధ్యాహ్నమే తలకి అటూ ఇటూ మత్తుమందిచ్చి చిన్న పిన్నులు బిగించారు. వాటికి తాడు కట్టి, మంచం తలాపున ఉన్న కప్పీ మీదుగా బరువు వేలాడదీశారు. కొంచెం బరువు వేయడం, మంచం దగ్గరికే ఎక్స్‌రే బండి తోసుకొచ్చి బొమ్మ తీసి చూడడం, మళ్ళీ కొంచెం వేయడం. ఆ బండి తోసింది నేనే, బొమ్మలు తీసింది నేనే. విరిగిన ముక్క వెంట్రుకవాసి కదిలింది, అంతకి మించి రాలేదు.

అందరూ వెళ్ళాక అయ్య దగ్గర వంగి నేలచూపులు చూస్తూ గొణిగాను. "సెప్పీసొస్తాను అయ్యా. తప్పు."

"సెప్పేవంటే నా మీదొట్టే" అన్నాడు. "నీ కాలు వల్ల నాకేటయ్యింది? ఆయిగా ఉందన్నాను కదేటి. మెట్టు మీద పడ్డాను, అంతే. ఆళ్ళ నోళ్ళలో నీ పేరు నానడానికి నాను నిన్ను సదివించినానా?"

మంగళవారం ఆ ఒట్టుని అడ్డం పెట్టుకుని గడిపేశాను. పొద్దున్న సర్జన్ గది దాకా వెళ్ళాను, లోపల విద్యార్థులున్నారు, వెనక్కొచ్చేశాను. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను, ఆయన థియేటర్‌లో ఉన్నాడన్నారు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బలు కొట్టుకోవాలనిపిస్తుంది. కప్పీ మీద బరువు ఉంది కదా, అది పట్టి ఉంచుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం ఆయనకి జావ పట్టాను. ఎడమచేత్తో కూడా చెంచా పట్టుకోలేకపోయాడు. "పడుకున్నోడికి సెంచా ఎందుకే, నువ్వున్నావు కదా" అన్నాడు.

బుధవారం ఉదయం ఎక్స్‌రే బండి తోసుకుని వెళ్ళేసరికి నర్సు ఆయన అరికాలు గీకి చూస్తోంది. కాళ్ళు కదలడం లేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది. మాట గాలిలా వస్తోంది.

బండి అక్కడే వదిలేసి పరుగెత్తాను. సర్జన్ వరండాలో జూనియర్లతో నడుస్తున్నాడు. అందరూ ఉన్నారు. ఎవరున్నారో చూసుకోలేదు.

"శుక్రవారం కాదు డాక్టర్‌బాబూ. ఆదివారం మధ్యాహ్నం నుంచి. ఆదివారం పొద్దున్న నేను ఆయన మెడ మీద కాలు పెట్టాను. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. పట్టు విడుస్తుందని మూడుసార్లు కాలు పెట్టాను. మూడోసారి గట్టిగా పెట్టాను. అబద్ధం చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. ఒక్కరు కూడా నవ్వలేదు. సర్జన్ నా భుజం పట్టుకుని పక్క బల్ల మీద కూర్చోబెట్టాడు. "మా ఊళ్ళోనూ ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళని ఇలాగే పిలిపిస్తారు దీదీ. మా నాన్నమ్మకి నడుం పట్టేస్తే పొరుగింటి కోడలి చేత తన్నించుకునేది" అన్నాడు. "సోమవారం చెప్పి ఉంటే అప్పుడే థియేటర్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. అప్పుడైతే బాగుపడేవారా అంటే నాకు తెలియదు. కానీ తీసుకెళ్ళేవాణ్ణి." అని గబగబా వెళ్ళిపోయాడు.

రక్తం తెప్పించి, గంటలోపే థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. మెడ వెనక నుంచి కోసి, ముక్కని సరిచేసి, మొదటి ఎముకనీ రెండో ఎముకనీ స్క్రూలతో, చిన్న కడ్డీలతో కలిపి బిగించారు. ఆపరేషన్ తర్వాత బొమ్మ నేనే తీశాను. ఎముక చక్కగా, పుస్తకంలో వేసినట్టు కుదిరింది. వెన్నుపాముకి మాత్రం ఆ కబురు అందలేదు. ఊపిరి తనంతట తాను రాలేదు, గొంతులో గొట్టం పెట్టి మెషీన్‌కి కలిపారు. చేతులు లేవు, కాళ్ళు లేవు, మాట లేదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. కళ్ళు కదిలేవి.

ఐసీయూ నర్సు ఆయనకి పద్ధతి నేర్పింది. అవునంటే ఒకసారి కళ్ళు మూయాలి, కాదంటే రెండుసార్లు. నొప్పిగా ఉందా, దాహమా, పక్కకి తిప్పాలా అని ఆవిడ అడిగేది, ఆయన బుద్ధిగా చెప్పేవాడు. నేను వెళ్తే మాత్రం కళ్ళు మూసుకుని తెరిచేవాడు కాదు. మొదటి రెండు రోజులూ మత్తనుకున్నాను. మత్తు కాదని నర్సు చెప్పింది. "ఇప్పటిదాకా మెలకువగానే ఉన్నారు దీదీ" అంది.

మూడో రోజు మధ్యాహ్నం సందర్శకుల వేళలో వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. కోటు వేసుకోలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యా, కళ్ళు తెరు. నువ్వు తెరిసీదాకా నానిక్కణ్ణించి కదల్ను. నా మొండితనం నీకు తెల్దా?"

చాలాసేపటికి తెరిచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా మీద కోపమా?"

ఒకసారి మూశాడు. అవును.

"నీ మెడ మీద కాలెట్టినందుకా?"

రెండుసార్లు. కాదు.

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. మెషీన్ ఊపిరి పోస్తోంది, తీస్తోంది. ముక్కు తుడుచుకుని మళ్ళీ అడిగాను.

"రెండ్రోజులు సెప్పకుండా ఊరుకున్నాను. అందుకా?"

రెండుసార్లు. కాదు. గట్టిగా, వెంటవెంటనే మూశాడు.

ఇంక అడగడానికి ఒక్కటే మిగిలింది. అడగాలనిపించలేదు. అయినా ఆయన చూపు తిప్పుకోవడం లేదు, నేను అడిగేదాకా వదిలేట్టు లేడు.

"ఆకరికి సెప్పీసినందుకా అయ్యా?"

కళ్ళు మూశాడు. ఒక్కసారే. మళ్ళీ తెరిచేసరికి రెండు కణతల మీంచీ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఆయనకి చెయ్యి లేదు. నేను తుడవబోతే కళ్ళు గోడవైపు తిప్పేసుకున్నాడు.

ఊపిరితిత్తులకి నిమ్ము చేసి, ఆ తర్వాత ఎనిమిదో రోజు ఉదయం పోయాడు. ఆ ఎనిమిది రోజులూ నేను రెండు పూటలా వెళ్ళాను. బతిమాలాను, తిట్టాను, ఒట్లు పెట్టాను. ఒక్కసారైనా నన్ను చూడలేదు.